కారు సెల్ఫ్ తీసుకోవడం లేదు: కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంట్లోనే ఏం చూసుకోవచ్చు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ. మా వారు మర్చంట్ నేవీ, ఇప్పుడు షిప్ మీద ఉన్నారు. ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ, అత్తయ్యగారూ ఉంటాం. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, గేర్ల కారు. కారుతో పాటు వచ్చిన బ్యాటరీయే ఇంకా ఉంది, మూడేళ్లు దాటింది. వేసవి సెలవులకి పిల్లలతో పది రోజులు రాజమండ్రి వెళ్లొచ్చి తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురింటి అన్నయ్యగారు వాళ్ల కారు నుంచి కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేసిచ్చారు. రైతుబజారుకి వెళ్లొచ్చాను. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే పరిస్థితి. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "బ్యాటరీ పోయింది మేడమ్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. నిజంగా పోయిందా? నేనే ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? ఇన్వర్టర్‌తో ఛార్జ్ చేసుకోవచ్చా? మా వారు వెళ్లే ముందు కారులో డ్యాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే కెమెరా) పెట్టించారు, దానివల్లేమైనా అయిందా? అత్తయ్యగారికి రాత్రివేళ ఆస్పత్రి అవసరం పడితే ఏం చేయాలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ బ్యాటరీలో ఛార్జ్ దిగిపోయిందన్నది దాదాపు ఖాయం. బ్యాటరీయే పాడైపోయిందని మాత్రం ఇప్పుడే చెప్పలేం. మీరు రాసిన వివరాల్లో బ్యాటరీని తప్పుపట్టడానికి సరిపడా సాక్ష్యం లేదు. డ్యాష్‌క్యామ్ మీద నాకు ఎక్కువ అనుమానం ఉంది.

కారు ఇలా మొరాయించడానికి కారణం మూడింట్లో ఒకటి అవుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఏదో ఒక పరికరం కరెంటు లాగేస్తుండొచ్చు. బ్యాటరీ వయసైపోయి ఛార్జ్ నిలబెట్టుకోలేకపోతుండొచ్చు. లేదా బ్యాటరీకి ఛార్జే సరిగా అందకపోవచ్చు, అంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పని చేయకపోవడమో, టెర్మినల్స్ (బ్యాటరీ మీద వైర్లు బిగించే కొమ్ములు) వదులై తుప్పు పట్టడమో. ఇక్కడ వచ్చిన చిక్కేమిటంటే, ఈ మూడింటిలో ఏదైనా సరే, కొత్త బ్యాటరీ వేయగానే కారు స్టార్ట్ అవుతుంది. దాంతో రోగం కుదిరిందనుకుంటాం. కారణం బ్యాటరీ కాకపోతే, నాలుగైదు వేలు పెట్టి కొన్న కొత్త బ్యాటరీ కూడా మీరు ఇంకోసారి రాజమండ్రి వెళ్లొచ్చేసరికి ఇలాగే పడుకుంటుంది. అందుకే కొనే ముందు రెండు రాత్రులు ఓపిక పట్టమంటున్నాను.

మర్నాడు మళ్లీ ఆగిపోయిందని మీరు కంగారు పడ్డారు. నిజానికి అది జరగాల్సిందే. మీ తరహా పెట్రోల్ కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది (ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పారితే ఒక ఆంపియర్ అవర్). అది పూర్తిగా దిగిపోయాక లాసన్స్ బే నుంచి ఎంవీపీ రైతుబజారుకి వెళ్లి రావడంలో ఎంత ఎక్కుతుంది? పదిహేను ఇరవై నిమిషాల ప్రయాణం. అందులో సిగ్నళ్ల దగ్గర ఆగడం, ఏసీ, బ్లోయర్. అంతా బాగుంటే నాలుగైదు ఆంపియర్ అవర్లు ఎక్కి ఉంటాయి. ఆ రాత్రంతా డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో, అంటే బండి ఆగి ఉన్నా రికార్డు చేస్తూ నడిచి ఉంటే అది పావు ఆంపియర్ లాగిందనుకున్నా, తెల్లారేసరికి ఎక్కిందాంట్లో చాలా భాగం ఖర్చయిపోతుంది. ఇందులో బ్యాటరీ తప్పేమీ లేదు.

పది రోజుల లెక్క కూడా చూడండి. పావు ఆంపియర్ చొప్పున రోజుకి 6 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆరు రోజులు కూడా రాదు. సెల్ఫ్ కొట్టడానికి కావలసిన బలం మూడు నాలుగు రోజులకే తగ్గిపోతుంది. ఏ పరికరమూ అదనంగా పెట్టించని కారు తాళం వేసి ఉన్నప్పుడు గడియారం, అలారం, రిమోట్ లాంటి వాటికి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంది. ఆ లెక్కన ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ పది రోజుల తర్వాత కూడా స్టార్ట్ కావాలి. పోల్చి చూడ్డానికి ఇంకొకటి చెప్తాను. డిక్కీలో వెలిగి ఉండిపోయిన చిన్న 5 వాట్ల బల్బు రోజుకి 10 ఆంపియర్ అవర్లు తాగేస్తుంది. డిక్కీ సరిగా పడకపోతే ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది, బయటికి కనపడదు. అది కూడా ఒకసారి చూసుకోండి.

మీరు రాసిన టకటక చప్పుడు బాగా పనికొచ్చే వివరం. స్టార్టర్ మోటారుకి వంద, రెండొందల ఆంపియర్ల దాకా కావాలి. దానికి కరెంటు వదిలే సోలనాయిడ్‌కి మాత్రం కొద్దిగా ఉంటే చాలు. బ్యాటరీలో బలం తగ్గినప్పుడు సోలనాయిడ్ పట్టుకుంటుంది, మోటారు లాగబోయేసరికి వోల్టేజి పడిపోతుంది, సోలనాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజి మళ్లీ లేస్తుంది. ఇది వరసగా జరుగుతుంటే టకటకమంటుంది. అంటే కరెంటు చాలడం లేదని అర్థం. ఒక్కసారి మాత్రం టక్ అని ఊరుకుని, హెడ్‌లైట్లు దేదీప్యమానంగా వెలుగుతుంటే స్టార్టర్ మోటారునో దాని వైరునో చూడాలి. చప్పుడూ లేక, దీపాలూ లేకపోతే టెర్మినల్ ఊడిందేమో చూడాలి. ఇంజిన్ చురుగ్గా తిరుగుతూ కూడా అంటుకోకపోతే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు, పెట్రోలు దగ్గరో, తాళంలోని చిప్ దగ్గరో లోపం ఉంటుంది.

మీరుండే చోటు సముద్రానికి దగ్గర కాబట్టి ముందు బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడండి. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు, మీ కాలనీ, ఇటు రుషికొండ దాకా ఉప్పుగాలి ఇనుముని ఊరికే ఉండనివ్వదు. మన ఇళ్ల కిటికీ ఊచలకే ఎన్నిసార్లు రంగు వేయిస్తుంటామో మీకు తెలుసు. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగానో, పచ్చగానో, నీలంగానో పొడి పేరుకుని ఉంటే ఆ పొర కరెంటుని అడ్డుకుంటుంది. కొమ్ముకి వైరుని పట్టి ఉంచే క్లాంప్‌ని చేత్తో పట్టుకుని కొంచెం మెలితిప్పి చూడండి, కదలకూడదు. కదిలితే మీ సమస్య పదో నంబరు స్పానర్ ఒక్కదానితో తీరిపోయే అవకాశం ఉంది. బ్యాటరీ మైనస్ నుంచి కారు బాడీకి వెళ్లే నల్లటి ఎర్త్ వైరు రెండో కొస కూడా చూడండి. అందరూ బ్యాటరీ మీద కొస తుడిచి, బాడీకి బిగించిన కొస వదిలేస్తారు. సముద్రతీరంలో తుప్పు ముందుగా అక్కడే మొదలవుతుంది.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. కారు ఆపి, తాళం తీసేసి, మైనస్ క్లాంప్ ముందు ఊడదీయాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఈ వరస ఎందుకంటే, కారు బాడీ మొత్తం మైనస్‌కి కలిసి ఉంటుంది. ప్లస్ నట్టు తిప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వలతో షార్ట్ అవుతుంది. మైనస్ ముందే తీసేస్తే ఆ భయం ఉండదు. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టి, బిగించాక పైన వాజలీన్ పలచగా రాయండి. మూతలున్న పాతరకం బ్యాటరీ అయితే ఆ సోడా నీళ్లు లోపలికి పోకూడదు.

మొదలుపెట్టే ముందు చేతికున్న బంగారు గాజులు, ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టండి. మంగళసూత్రం గొలుసు వంగినప్పుడు వేలాడకుండా లోపలికి వేసుకోండి. ఇది మీరు తప్పకుండా పాటించాలి. 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు గానీ, ప్లస్ కొమ్ముకీ బాడీకీ మధ్య ఒక గాజు అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుపోతుంది. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, చేతికి అంటితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడుక్కోవాలి. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. కళ్లద్దాలు ఉంటే పెట్టుకుని చేయండి. డబ్బా ఉబ్బినట్టు, పగిలినట్టు, కారుతున్నట్టు కనపడినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా దాన్ని ఛార్జ్ చేయొద్దు, జంప్ (వేరే బ్యాటరీ నుంచి కేబుళ్లతో స్టార్ట్ చేయడం) ఇవ్వొద్దు. ఇంక ఆ బ్యాటరీ పనయిపోయినట్టే, మెకానిక్‌నే పిలిచి తీయించండి.

ఇప్పుడు ఇన్వర్టర్ మాట. వద్దమ్మా. రెండూ 12 వోల్టులే కాబట్టి చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. కానీ ఇంటి ఇన్వర్టర్ ఛార్జర్ 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ కోసం తయారైంది. అది 10, 15 ఆంపియర్లు తోసేస్తుంది. మీ కారు బ్యాటరీకి మూడు నుంచి ఐదు ఆంపియర్లు చాలు. ఎక్కువ తోస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, లోపలి నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. మూత తీయడానికి వీల్లేని బ్యాటరీలో పోయిన నీరు మళ్లీ పోయలేం. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది. ఇంకొందరు ఇన్వర్టర్ బ్యాటరీనే కిందికి దించి జంప్ ఇస్తారు. అది 50, 60 కిలోల బరువు, నిండా యాసిడ్. ఆ సాహసం అసలే వద్దు.

దీనికి రెండు సరైన దారులున్నాయి. ఒకటి, కార్లకోసమే వచ్చే 12 వోల్టుల ఆటోమేటిక్ ఛార్జర్, నాలుగైదు ఆంపియర్లది కొనుక్కోవడం. నిండగానే దానంతట అదే తగ్గించుకుంటుంది. ఏడాదిలో సగం రోజులు ఇంటాయన సముద్రం మీద ఉండే ఇంటికి ఇది దండగ ఖర్చు కాదు. రెండోది, బ్యాటరీని ఏదైనా బ్యాటరీ షాపులో ఒక రాత్రి ఛార్జింగ్‌కి పెట్టించడం. కొద్ది డబ్బుతో అయిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ లేకపోతే బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకోవాలి. దాదాపు పది కిలోలుంటుంది, రెండు చేతులా పట్టుకుని నిటారుగానే మోయాలి, పక్కకి వంచకూడదు. ఛార్జింగ్ గాలి ఆడే బాల్కనీలో పెట్టండి. వంటగదిలో వద్దు, దీపం పెట్టే పూజగది దగ్గర అసలు వద్దు. ముందు క్లిప్పులు తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. పూర్తిగా దిగిన బ్యాటరీ నిండడానికి పది గంటల పైనే పడుతుంది, రాత్రి పెట్టి పొద్దున్న తీయండి.

ఈ పని మాత్రం ఇవాళ, లేదా రేపు చేయండి. మిగతావి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. ఛార్జ్ దిగినప్పుడల్లా లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ పొర ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా వదలదు. మంచి బ్యాటరీని నిజంగా చంపేది ఇదే. మన ఎండలకి ఇంకా త్వరగా గట్టిపడుతుంది. వేడి ప్రదేశాల్లో బ్యాటరీలు చల్లటి ఊళ్లలో కంటే త్వరగా పోవడానికి ఇదొక కారణం.

ఛార్జ్ అయ్యాక ఒక డిజిటల్ మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే చిన్న మీటర్) తెచ్చుకోండి. ఎలక్ట్రికల్ షాపుల్లో నాలుగైదు వందలకి మామూలుది వస్తుంది. నల్ల వైరు కామ్ (COM) అని రాసి ఉన్న రంధ్రంలో, ఎర్ర వైరు వోల్టుల గుర్తు ఉన్న రంధ్రంలో పెట్టండి. 10 ఆంపియర్లు అని రాసి ఉన్న మూడో రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తాకిస్తే షార్ట్ అవుతుంది, అందులో పెట్టకుండా జాగ్రత్త పడండి. డయల్‌ని డీసీ 20 వోల్టుల దగ్గరికి తిప్పి, ఎర్ర ముల్లు ప్లస్ కొమ్ముకి, నల్ల ముల్లు మైనస్ కొమ్ముకి ఆనించండి. క్లాంపుకి కాదు, కొమ్ముకే.

ఛార్జర్ తీసిన వెంటనే చూస్తే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. కొన్ని గంటలు ఆగి చూడాలి. నిండిన బ్యాటరీ 12.6, 12.7 దగ్గర నిలబడుతుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు ఉన్నట్టు. రాత్రంతా ఛార్జ్ చేసినా 10.5 చుట్టూనే ఆగిపోతే లోపలున్న ఆరు సెల్స్‌లో ఒకటి పోయిందని అర్థం. అప్పుడు మెకానిక్ మాటే నిజం, కొత్తది కొనుక్కోవాల్సిందే.

నిండినట్టు చూపిస్తే అసలు పరీక్ష ఇప్పుడు పెట్టాలి. బ్యాటరీని కారుకి తగిలించకుండా ఒక రాత్రి అలాగే ఉంచి, రాత్రి పది గంటలకి ఒక రీడింగ్, పొద్దున్న ఏడింటికి ఒక రీడింగ్ కాగితం మీద రాసుకోండి. ఏమీ తగిలించకుండానే పావు వోల్టో అంతకంటే ఎక్కువో పడిపోతే లోపం బ్యాటరీ లోపలే ఉంది. అలా కాకుండా 12.6 కాస్తా 12.58 అయితే అది దాదాపు నిలబడినట్టే. అప్పుడు రెండో రాత్రి బ్యాటరీని కారులో బిగించి, తలుపులన్నీ వేసి, తాళం వేసి, మళ్లీ అవే వేళలకి చూడండి. బానెట్ మాత్రం తెరిచే ఉంచండి, పొద్దున్న డోర్ తీస్తే లోపలి లైట్లు వెలిగి అంకె మారిపోతుంది. మొదటి రాత్రి నిలబడిన బ్యాటరీ రెండో రాత్రి దిగిపోతే కారులో ఏదో లాగుతోందని రుజువైనట్టే. మూడో రాత్రి డ్యాష్‌క్యామ్ ఫ్యూజ్ తీసేసి చూస్తే, దొంగ అదో కాదో కూడా తేలిపోతుంది. నాకు తెలిసినంతలో ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షల్లో ఇంత స్పష్టంగా తేల్చేది ఇంకొకటి లేదు. ఆంపియర్లు కొలిచే పద్ధతి కూడా ఉంది గానీ, దానికి కారు కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంట వేచి ఉండాలి, మధ్యలో పొరపాటున తాళం తిప్పితే మీటర్ ఫ్యూజ్ కాలిపోతుంది. అది ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

ఇంకో రెండు అంకెలు కావాలి, వాటికి ఎదురింటి అన్నయ్యగారి సాయం తీసుకోండి. మీరు సెల్ఫ్ కొడుతుండగా ఆయన మీటర్ చూడాలి. ఆ రెండు మూడు సెకన్లలో 9.6 కంటే కిందికి పడిపోతే, అదీ పూర్తి ఛార్జ్‌తో ఉన్నప్పుడు, బ్యాటరీ బలహీనపడినట్టు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినా 13.5 పైన నిలబడితే ఆల్టర్నేటర్ బాగుంది. ఇంజిన్ నడుస్తున్నా 12.4, 12.3 అంటూ తగ్గుతూ పోతుంటే ఛార్జింగ్ లేదు, కొత్త బ్యాటరీ వేసినా లాభం లేదు. ఇటీవలి కొన్ని మోడళ్లలో కంప్యూటరే పెట్రోలు ఆదా కోసం ఛార్జింగ్ తగ్గించి పెంచుతుంటుంది. కాసేపు 13 లోపు చూపించి మళ్లీ లేస్తే కంగారు పడక్కర్లేదు.

అన్నయ్యగారు జంప్ ఇచ్చారన్నారు, సంతోషం. ఇంకోసారి అవసరం పడితే వరస ఇది. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర కేబుల్ ముందు మీ ప్లస్‌కి, తర్వాత వాళ్ల ప్లస్‌కి. నల్ల కేబుల్ ముందు వాళ్ల మైనస్‌కి, చివరి కొస మీ కారులో రంగు లేని ఇంజిన్ లోహం దేనికైనా, బ్యాటరీకి దూరంగా. మీ బ్యాటరీ మైనస్‌కి కాదు. చివరి కొస తాకించేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకే దూరం. వాళ్ల ఇంజిన్ ఐదు పది నిమిషాలు నడిచాక మీరు సెల్ఫ్ కొట్టండి, ఒక్కోసారి ఐదు సెకన్లకి మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి. లారీల్లో, బస్సుల్లో 24 వోల్టులుంటాయి, వాటి నుంచి ఎప్పుడూ జంప్ తీసుకోవద్దు. స్టార్ట్ అయ్యాక సెల్లార్‌లోనే ఇంజిన్ నడుపుతూ నిలబడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మూసి ఉన్న చోట ప్రాణం తీస్తుంది. పైగా ఆగి ఉన్న ఇంజిన్ ఛార్జ్ చేసేది తక్కువ. బయటికి తీసి భీమిలి దాకా ఒక రౌండు వెళ్లి రావడం నయం. అది కూడా పూర్తి ఛార్జ్ ఇవ్వదు, ఛార్జర్ అవసరం ఉంటుంది.

తోసి స్టార్ట్ చేయడం గురించి మీరు అడగలేదు గానీ, వాచ్‌మన్ తప్పకుండా ఆ సలహా ఇస్తాడు. గేర్ల కారు కాబట్టి అవుతుంది. తాళం ఆన్ చేసి, క్లచ్ నొక్కి, రెండో గేర్ వేసి, కాస్త వేగం వచ్చాక క్లచ్ వదలాలి. చదునైన ఖాళీ చోటైతే సరే. సిరిపురం నుంచి బీచ్ వైపు దిగే రోడ్ల లాంటి వాలు మీద మాత్రం ఈ ప్రయత్నం చేయొద్దు. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు ఒకటి రెండు సార్లు నొక్కాక రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. వాలులో బండి మీ చేతిలో ఉండదు.

బ్యాటరీ నిజంగానే పోయిందని తేలితే, పాతదాని మీదున్న ఆంపియర్ అవర్లే కొత్తదానికీ ఉండాలి, ప్లస్ కొమ్ము అదే వైపు ఉండాలి. తయారైన నెల చూసి తాజాది అడగండి, ఆరేడు నెలలు షాపు అరలో కూర్చున్నది వద్దు. వారంటీ కార్డు మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. బిగించాక ఇంజిన్ నడిపించి ఛార్జింగ్ వోల్టేజి అక్కడికక్కడే చూపించమనండి, నిమిషం పని. పాత బ్యాటరీ షాపుకే ఇచ్చేయండి, దానికి రేటు తగ్గిస్తారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. వీధిలో పాత సామాన్ల వాళ్లకి అమ్మితే యాసిడ్ కాలువలో పారబోస్తారు, సీసం నేలలోకి పోతుంది.

అత్తయ్యగారి విషయం. రాత్రివేళ ఆవిడకి నిజంగా బాగోలేకపోతే కారు స్టార్ట్ చేస్తూ ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు, ముందు 108కి ఫోన్ చేయండి. అంత అత్యవసరం కాని పనులకి, జేబులో పట్టేంత లిథియం జంప్ స్టార్టర్ ఒకటి ఇంట్లో పెట్టుకోవచ్చు. పక్క కారుతో పని లేకుండా అదే స్టార్ట్ చేస్తుంది. దాన్ని ఎండలో నిలిపే కారులో ఉంచకండి, ఇంట్లోనే ఉంచి రెండు మూడు నెలలకోసారి ఛార్జ్ చేయండి. మీ ఇన్సూరెన్స్ కాగితాలు కూడా తీసి చూడండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని అదనంగా తీసుకుని ఉంటే జంప్ స్టార్ట్ కోసం ఇంటికే మనిషిని పంపుతారు. ఆ ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించి పెట్టండి.

డ్యాష్‌క్యామే కారణమని తేలితే దాన్ని తీసేయనక్కర్లేదు. సెట్టింగుల్లో పార్కింగ్ మోడ్ ఆపేయండి. లేదా కార్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, తాళం తీయగానే ఆగిపోయే ఫ్యూజుకి మార్పించండి. రాత్రిపూట రికార్డింగ్ కావాలని మీ వారు పట్టుబడితే, వోల్టేజి 12.2కో 12.4కో తగ్గగానే కెమెరాని ఆపేసే కిట్ వస్తుంది, అది పెట్టించుకోమనండి.

వారం దాటి ఊరెళ్లేటప్పుడు మైనస్ క్లాంప్ ఊడదీసి, కొమ్ముకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కన పెట్టి వెళ్లండి. అప్పుడు సెంట్రల్ లాక్, అలారం పని చేయవు, కాబట్టి డోర్లన్నీ లోపల నుంచి లాక్ చేసి డ్రైవర్ డోర్ తాళంచెవితో వేయాలి. ముందుగా ఒకసారి ఆ తాళంచెవి నిజంగా తిరుగుతుందో లేదో చూసుకోండి, ఏళ్ల తరబడి రిమోట్ వాడిన కార్లలో ఉప్పుగాలికి తాళం రంధ్రం బిగుసుకుపోతుంది. డిక్కీ కరెంటుతో తెరుచుకునేదైతే అందులో అవసరమైనవేవీ ఉంచొద్దు. తిరిగొచ్చి క్లాంప్ బిగించాక గడియారం మళ్లీ పెట్టుకోవాలి, కిటికీ అద్దాలు ఒక్క నొక్కుకి పైకి రాకపోతే పూర్తిగా పైకెత్తి బటన్ కొన్ని సెకన్లు పట్టుకోండి. మ్యూజిక్ సిస్టమ్ కోడ్ అడిగే రకమైతే ఆ కోడ్ ఓనర్స్ మాన్యువల్‌తో పాటు ఉండే కార్డు మీద ఉంటుంది, క్లాంప్ ఊడదీయక ముందే అది వెతికి పెట్టుకోండి.